వాల్యుయేషన్ కాదు, షరతులు చూడండి: వెంచర్ క్యాపిటల్ తీసుకునే ఫౌండర్లకు సమగ్ర మార్గదర్శి

ఏ స్టార్టప్‌కైనా ఫండింగ్ వచ్చిందంటే అందరూ మాట్లాడుకునేది రెండు అంకెల గురించే. ఎంత డబ్బు వచ్చింది? వాల్యుయేషన్, అంటే కంపెనీకి కట్టిన విలువ, ఎంత? రేపు కంపెనీ అమ్మితే ఎవరికి ఎంత దక్కుతుంది, ముఖ్యమైన నిర్ణయాల్లో ఆఖరి మాట ఎవరిది, ఫౌండర్‌ను ఎప్పుడు పక్కన పెట్టొచ్చు అన్నవి మాత్రం ఇన్వెస్టర్ షరతులు రాసి ఇచ్చే టర్మ్ షీట్ అనే కొద్ది పేజీల కాగితంలో ఉంటాయి. ఇన్వెస్టర్లకు చూపించే స్లైడ్లకి, అంటే పిచ్ డెక్‌కి, నెలల తరబడి మెరుగులు దిద్దే ఫౌండర్లు ఆ కొద్ది పేజీలకు ఒక్క సాయంత్రం కూడా కేటాయించరు. లాయర్ చూసుకుంటాడులే అనుకుంటారు. లాయర్ భాష చూస్తాడు, లెక్క మాత్రం మీరే కట్టుకోవాలి. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం ఆ లెక్కలకే కేటాయించాను.

1. అసలు మీకు వీసీ డబ్బు కావాలా?

వీసీ (వెంచర్ క్యాపిటల్) ఫండ్ నడిపేవాళ్ల డబ్బు వాళ్ల సొంతం కాదు. పెద్ద సంస్థలు, సంపన్న కుటుంబాల దగ్గర సేకరించి, సాధారణంగా పదేళ్లలో లాభంతో తిరిగి ఇవ్వాలి. మన దేశంలో ఇవి 2012 నాటి సెబీ ఏఐఎఫ్ (ప్రత్యామ్నాయ పెట్టుబడి నిధుల) నిబంధనల కింద నమోదవుతాయి. పెట్టిన కంపెనీల్లో చాలావరకు డబ్బు పోతుందని వాళ్లకు ముందే తెలుసు. ఒకటో రెండో కంపెనీలు అనేక రెట్లు పెరిగి మిగతా నష్టాన్నంతా పూడ్చాలి. కాబట్టి ఏటా 25 శాతం పెరుగుతూ మంచి లాభం తెచ్చే వ్యాపారం మీకు బంగారమే కావచ్చు, వాళ్లకు మాత్రం పనికిరాదు. అలాంటి వ్యాపారానికి బ్యాంకు రుణమో, కస్టమర్ల అడ్వాన్సులో, స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ లాంటి పథకమో మేలు. ఆ పథకంలో ఇంక్యుబేటర్ల (కొత్త కంపెనీలకు చేయూతనిచ్చే కేంద్రాల) ద్వారా ప్రోటోటైప్ (నమూనా) దశకు 20 లక్షల రూపాయల వరకు గ్రాంటు, మార్కెట్లోకి వెళ్లే దశకు 50 లక్షల వరకు రుణం లేదా తర్వాత షేర్లుగా మారే కన్వర్టిబుల్ రూపంలో ఇచ్చేలా 2021లో మొదలుపెట్టారు.

వీసీ డబ్బు సరిగ్గా కుదిరిన కంపెనీ ఎలా ఉంటుందో చూడాలంటే రాకెట్లు తయారుచేసే స్కైరూట్‌ని గమనించండి. ఇస్రోలో పనిచేసిన పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాక 2018లో హైదరాబాద్‌లో మొదలుపెట్టారు. తొలి డబ్బు మింత్రా వ్యవస్థాపకుడు ముకేశ్ బన్సల్ పెట్టారు. 2020లో ఇంజిన్ పరీక్షలు చేసి చూపించారు. 2021లో పునరుత్పాదక విద్యుత్ సంస్థ గ్రీన్‌కో వ్యవస్థాపకులు ముందుండి 1.1 కోట్ల డాలర్ల రౌండు (ఒక విడత పెట్టుబడి) నడిపించారు. 2022లో సింగపూర్ ప్రభుత్వ పెట్టుబడి సంస్థ జీఐసీ నేతృత్వంలో 5.1 కోట్ల డాలర్లు వచ్చాయి. ఆ ఏడాది నవంబర్ 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ రాకెట్ ఎగిరింది. ప్రతి రౌండు డబ్బుతోనూ ఒక్కో పెద్ద అనుమానం తీరింది, అది తీరాకే తర్వాతి రౌండు పెద్దదయింది. మీ వ్యాపారంలో తీరాల్సిన అనుమానాలు ఏవో, ఒక్కోటి తీరడానికి ఎంత ఖర్చవుతుందో రాసుకోండి. ఎంత అడగాలన్నది అక్కడే తేలుతుంది.

2. ముందు కాగితాలు చక్కబెట్టుకోండి

ఇన్వెస్టర్ దగ్గరికి వెళ్లడానికి కనీసం రెండు మూడు నెలల ముందే ఈ పని మొదలుపెట్టాలి. డీల్ ఆఖరి దశలో చెడిపోవడానికి కారణం చాలాసార్లు వ్యాపారం కాదు, పాత కాగితాలు.

వీసీలు పెట్టుబడి పెట్టేది ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలో. ఎల్ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం), పార్ట్‌నర్‌షిప్ అయితే ముందు మార్చుకోవాలి. కేంద్ర ప్రభుత్వ విభాగం డీపీఐఐటీ ఇచ్చే స్టార్టప్ గుర్తింపు లేకపోతే తెచ్చుకోండి. తర్వాత కన్వర్టిబుల్ నోట్ (షేర్లుగా మార్చుకోగల అప్పు పత్రం) లాంటి దారులు వాడుకోవాలన్నా అది ఉండాలి.

మన దగ్గర తరచూ కనిపించే చిక్కు చుట్టాల డబ్బు, స్నేహితుల డబ్బు. కాలేజీ స్నేహితుడు పది లక్షలు కంపెనీ ఖాతాలో వేస్తాడు. అది అప్పా, వాటానా అని ఎవరూ రాసుకోరు. అతను డైరెక్టరూ కాదు, షేర్‌హోల్డరూ కాదు. అలాంటప్పుడు 2013 కంపెనీల చట్టం దాన్ని డిపాజిట్‌గా చూస్తుంది, అది నిబంధనల ఉల్లంఘన. డైరెక్టర్ గానీ, డైరెక్టర్ దగ్గరి బంధువు గానీ సొంత డబ్బు అప్పుగా ఇస్తే మినహాయింపు ఉంది, కానీ అది మరెక్కడో అప్పు తెచ్చిన డబ్బు కాదని రాతపూర్వకంగా ఇవ్వాలి. షేర్ల కోసం తీసుకున్న డబ్బుకు 60 రోజుల్లో షేర్లు కేటాయించకపోతే 15 రోజుల్లో వెనక్కి ఇవ్వాలి. లేదంటే 12 శాతం వడ్డీ పడుతుంది, డిపాజిట్ గొడవ కూడా చుట్టుకుంటుంది.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న బావగారు పంపిన డబ్బు విషయం ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఎన్ఆర్ఐ తిరిగి తీసుకెళ్లకుండా పెట్టే పెట్టుబడిని దేశీయ పెట్టుబడితో సమానంగా చూస్తారు. తిరిగి తీసుకెళ్లే హక్కుతో పెడితే అది విదేశీ పెట్టుబడి. అప్పుడు షేర్లు కేటాయించిన 30 రోజుల్లో రిజర్వ్ బ్యాంకుకు ఎఫ్‌సీ-జీపీఆర్ ఫారం దాఖలు చేయాలి. ఆలస్యమైతే రుసుము కట్టి సరిచేసుకునే వీలుంది. కానీ ఆ పని ఇన్వెస్టర్ లాయర్ కనిపెట్టాక కాదు, ముందే చేసుకోవాలి.

మిగతావి త్వరగా చెప్తాను. కోడ్ రాసిన ఫ్రీలాన్సర్ నుంచి హక్కుల బదిలీ పత్రం ఉందా? డొమైన్, ట్రేడ్‌మార్క్ కంపెనీ పేరున ఉన్నాయా, మీ పేరున ఉన్నాయా? జీఎస్టీ, టీడీఎస్, పీఎఫ్ బాకీలు లేవు కదా? షేర్లు డీమ్యాట్ చేయాల్సిన కంపెనీల్లో మీది ఉందా అని కంపెనీ సెక్రటరీని అడగండి. మధ్యలో వదిలేసి వెళ్లిపోయిన కోఫౌండర్ పేరున ఇంకా 25 శాతం వాటా ఉంటే, అన్నిటికన్నా ముందు అది తేల్చుకోండి. మొహమాటపడి దాన్ని వాయిదా వేస్తే రౌండు మొత్తం అక్కడే ఆగిపోతుంది.

3. ఎంత, ఎప్పుడు అడగాలి?

18 నుంచి 24 నెలల ఖర్చుకు సరిపడా అడగండి. రౌండు పూర్తవడానికి నాలుగైదు నెలలు పడుతుందనుకుని, చేతిలో కనీసం తొమ్మిది నెలల ఖర్చు ఉండగానే మొదలుపెట్టండి. రెండు నెలల జీతాలు మాత్రమే మిగిలినప్పుడు అడిగితే ఆ టెన్షన్ మీ మాటలో తెలిసిపోతుంది, బేరంలో మీ బలం అక్కడితో పోతుంది.

4. ఇన్వెస్టర్లను కలవడం

నలభై, యాభై పేర్ల జాబితా రాసుకోండి. మీ రంగంలో, మీ దశలో, మీరు అడిగే మొత్తంలో పెట్టుబడి పెట్టేవాళ్లే అందులో ఉండాలి. మీ పోటీ కంపెనీలో ఇప్పటికే డబ్బు పెట్టినవాళ్లను కొట్టేయండి. పరిచయం ఎవరి ద్వారా అన్నది ముఖ్యం. ఆ ఫండ్ డబ్బు పెట్టిన కంపెనీ ఫౌండర్ చెప్పిన ఒక్క మాటకు ఉండే బరువు వంద ఈమెయిళ్లకు ఉండదు. టీ-హబ్, ట్రిపుల్ ఐటీ ఇంక్యుబేటర్, హైదరాబాద్ ఏంజెల్స్, వ్యాపారవేత్తల సంఘం టై లాంటి చోట్ల విలువైనది వేదిక మీది పిచ్ కాదు, అక్కడ దొరికే అలాంటి ఫౌండర్లే. రెడ్‌బస్ మొదలైన రోజుల్లో ఫణీంద్ర సామ బృందానికి బెంగళూరు టై మెంటార్లు దొరికారు, ఆ తర్వాతే సీడ్‌ఫండ్ అనే వీసీ సంస్థ పెట్టుబడి వచ్చింది.

మీటింగులన్నీ మూడు నాలుగు వారాల్లో దగ్గరదగ్గరగా పెట్టుకోండి. ఒకరిని జనవరిలో, మరొకరిని ఏప్రిల్‌లో కలిస్తే ఇద్దరి ఆఫర్లూ ఒకేసారి చేతిలో ఉండవు. రెండో ఆఫర్ లేనిదే బేరానికి బలం ఉండదు.

డెక్ పది పన్నెండు స్లైడ్లు చాలు. అంకెల్లో మాత్రం నిజమే చెప్పండి. ఆదాయం తగ్గిన నెలలుంటే దాచకుండా కారణం చెప్పండి. తర్వాత మీ బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీఎస్టీ రిటర్నులు వాళ్లు ఎలాగూ తెరుస్తారు. అప్పుడు తేడా కనిపిస్తే డీల్‌తో పాటు పేరు కూడా పోతుంది. ‘మాకు నచ్చింది, టచ్‌లో ఉంటాం’ అన్న మాటను వద్దు అన్నట్టుగానే లెక్కేసుకోండి. తేదీ, పేరు, తర్వాత ఏం చేస్తారో చెప్పిన ఇన్వెస్టర్ ఒక్కరే నిజంగా ముందుకొస్తున్నట్టు.

5. టర్మ్ షీట్ వచ్చింది, ఇక ఎక్సెల్ తెరవండి

ఒక ఉదాహరణ పట్టుకుని ఆఖరి దాకా వెళ్దాం. ఇద్దరు ఫౌండర్లకు కలిపి 10,000 షేర్లు ఉన్నాయి. ప్రీ-మనీ (పెట్టుబడికి ముందు) వాల్యుయేషన్ 20 కోట్లు, పెట్టుబడి 5 కోట్లు. పోస్ట్-మనీ (పెట్టుబడి తర్వాత) 25 కోట్లు, ఇన్వెస్టర్ వాటా 20 శాతం. మిగిలిన 80 శాతం మీదే అనుకుంటారు.

*ఈసాప్ పూల్.* ఉద్యోగులకు ఇవ్వడానికి పక్కన పెట్టే షేర్లివి. టర్మ్ షీట్‌లో ఒక వాక్యం ఉంటుంది: పెట్టుబడి తర్వాత 10 శాతం ఉండేలా ఈసాప్ పూల్‌ను ప్రీ-మనీలోనే సృష్టించాలి. అంటే ఆ 10 శాతమూ ఫౌండర్ల వాటా నుంచే పోతుంది. ఇన్వెస్టర్‌కు 20, పూల్‌కు 10, మీకు 70. షేరు ధర చూడండి. పూల్ లేకపోతే 20,000 రూపాయలు, పూల్ వల్ల 17,500. మీ 10,000 షేర్ల విలువ 17.5 కోట్లే. పైకి 20 కోట్లని రాసినా మీకు నిజంగా ఇచ్చిన వాల్యుయేషన్ అంతే. పూల్‌ను పెట్టుబడి తర్వాత సృష్టిస్తే భారం అందరి మీదా పడుతుంది: ఇన్వెస్టర్ 18, పూల్ 10, మీరు 72. చాలామంది ఇన్వెస్టర్లు దీనికి ఒప్పుకోరు. అలాంటప్పుడు వచ్చే 18 నెలల్లో ఎవరెవరిని తీసుకుంటారో, ఒక్కొక్కరికి ఎంత ఇస్తారో రాసి చూపించండి. లెక్క 6 శాతం దగ్గర తేలితే 10 ఎందుకని అడగొచ్చు. వాల్యుయేషన్ గురించి వాదించడం కన్నా ఇది తేలిక.

*లిక్విడేషన్ ప్రిఫరెన్స్.* కంపెనీ అమ్ముడుపోతే ముందు ఎవరికి ఎంత? మన దగ్గర వీసీలు ఎక్కువగా తీసుకునేది సీసీపీఎస్, అంటే తర్వాత తప్పనిసరిగా ఈక్విటీగా మారే ప్రిఫరెన్స్ షేర్లు. ఈ హక్కు వాటితోనే వస్తుంది. పై ఉదాహరణలో కంపెనీని 15 కోట్లకు అమ్మారనుకోండి, ఈసాప్ మొత్తం ఉద్యోగులకు చేరిందనుకుందాం.

ఒక రెట్టు, నాన్-పార్టిసిపేటింగ్ అయితే: ఇన్వెస్టర్ తన 5 కోట్లు గానీ, 20 శాతం వాటా (3 కోట్లు) గానీ, ఏది ఎక్కువైతే అది తీసుకుంటారు. 5 కోట్లు తీసుకుంటారు. మిగిలిన 10 కోట్లలో ఫౌండర్లకు 8.75 కోట్లు.

ఒక రెట్టు, పార్టిసిపేటింగ్ అయితే: ముందు 5 కోట్లు, ఆ తర్వాత మిగిలిన 10 కోట్లలో 20 శాతం కూడా. మొత్తం 7 కోట్లు. ఫౌండర్లకు 7 కోట్లు.

రెండు రెట్లు, నాన్-పార్టిసిపేటింగ్ అయితే: ఇన్వెస్టర్‌కు 10 కోట్లు. ఫౌండర్లకు 4.37 కోట్లు.

వాల్యుయేషన్ ఒకటే, వాటా ఒకటే. ఒక్క పదం మారితే మీ చేతికొచ్చేది సగమైంది. 100 కోట్లకు అమ్మినా తేడా ఉంటుంది. నాన్-పార్టిసిపేటింగ్‌లో ఇన్వెస్టర్‌కు 20 కోట్లు, పార్టిసిపేటింగ్‌లో 24 కోట్లు. ఒక రెట్టు, నాన్-పార్టిసిపేటింగ్: ఇక్కడ మాత్రం గట్టిగా నిలబడండి. వాల్యుయేషన్ కొంచెం తగ్గినా ఫర్వాలేదు. పైగా మొదటి రౌండులో ఒప్పుకున్న షరతును తర్వాతి ఇన్వెస్టర్లు కూడా అడుగుతారు, ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. మూడు రౌండుల్లో 60 కోట్లు తీసుకుని, కంపెనీని 60 కోట్లకు అమ్మాల్సి వస్తే ఫౌండర్లకు, ఉద్యోగులకు ఒక్క రూపాయి మిగలకపోవచ్చు.

*యాంటీ-డైల్యూషన్.* తర్వాతి రౌండు తక్కువ ధరకు జరిగితే ఇన్వెస్టర్‌కు పరిహారంగా ఎక్కువ షేర్లు. మన ఉదాహరణలో ఇన్వెస్టర్‌కు 17,500 చొప్పున సుమారు 2,857 షేర్లు. తర్వాత 2.5 కోట్లు సగం ధరకు, 8,750కి తీసుకోవాల్సి వచ్చిందనుకోండి. ఫుల్ రాచెట్ (పాత ధరను పూర్తిగా కొత్త ధరకు దించే షరతు) ఉంటే 2,857 షేర్లు ఏకంగా 5,714 అవుతాయి. కొత్త షేర్లు ఎన్నో కూడా చూసి సగటు తీసే బ్రాడ్-బేస్డ్ వెయిటెడ్ యావరేజ్ పద్ధతిలో ధర 16,042 దగ్గర ఆగుతుంది, షేర్లు 3,117 అవుతాయి. రెండో పద్ధతి న్యాయమైనది, ఎక్కువమంది దానికే ఒప్పుకుంటారు. ఫుల్ రాచెట్ అడిగితే వద్దని స్పష్టంగా చెప్పండి. ఈసాప్ కింద ఇచ్చే షేర్లకు ఈ షరతు వర్తించదని కూడా రాయించండి.

*అధికారం.* తొలి రౌండులో ఇద్దరు ఫౌండర్లు, ఒక ఇన్వెస్టర్ ఉన్న బోర్డు సమంజసం. దానికన్నా జాగ్రత్తగా చదవాల్సింది రిజర్వ్‌డ్ మ్యాటర్స్ జాబితా, అంటే ఇన్వెస్టర్ ఒప్పుకోనిదే మీరు చేయలేని పనులు. కొత్త షేర్ల జారీ, కంపెనీ అమ్మకం, వ్యాపారం మార్చడం, సొంతవాళ్లతో లావాదేవీలు: వీటికి అనుమతి అడగడం సబబే. కానీ ఆ జాబితాలో ఫలానా జీతం దాటిన ప్రతి ఉద్యోగి నియామకం, ఐదు లక్షలు దాటిన ప్రతి ఖర్చు ఉంటే రోజువారీ పని సాగదు. ఆమోదించిన వార్షిక బడ్జెట్ లోపలి ఖర్చుకు మళ్లీ అనుమతి అక్కర్లేదని రాయించుకోండి. ఇన్ని రోజుల్లో జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే అన్న వాక్యం కూడా అడగండి.

*ఫౌండర్ వెస్టింగ్.* మీ షేర్లే మీరు నాలుగేళ్లలో మళ్లీ సంపాదించుకోవాలంటారు. కోఫౌండర్ ఆర్నెల్లకే వెళ్లిపోతే మిగిలినవాళ్లకు ఇది రక్షణ కూడా, కాబట్టి పూర్తిగా వద్దనకండి. ఇప్పటికే రెండేళ్లు పనిచేసి ఉంటే కొంత వాటా ముందే వెస్ట్ అయినట్టు చూపించమనండి. ‘బ్యాడ్ లీవర్’ (తప్పు చేసి వెళ్లే ఫౌండర్) నిర్వచనాన్ని మాత్రం రెండుసార్లు చదవండి. మోసం, నేరం, ఒప్పందాన్ని ఉద్దేశపూర్వకంగా ఉల్లంఘించడం అయితే సరే. ‘పనితీరు సంతృప్తికరంగా లేకపోవడం’ అక్కడ ఉండకూడదు. బోర్డుకు నచ్చకపోతే మిమ్మల్ని పంపేయడంతో పాటు షేర్లు కూడా లాక్కునే వీలు అందులోనే ఉంటుంది.

*వ్యక్తిగత బాధ్యత.* మన దేశపు ఒప్పందాల్లో ఫౌండర్లను వ్యక్తిగతంగా కూడా పూచీ పడమంటారు. పాత పన్ను బాకీ బయటపడితే నష్టపరిహారం మీ జేబులోంచి. ముందు కంపెనీ, మోసం జరిగినప్పుడే ఫౌండర్ అని అడగండి. పరిమితి, గడువు రెండూ రాయించండి. తెలిసిన లోపాలన్నీ డిస్‌క్లోజర్ లెటర్‌లో చెప్పేయండి. అందులో చెప్పిన లోపం సాధారణంగా తర్వాత మీ మీదికి రాదు.

*ఎగ్జిట్.* ఐదారేళ్లలో ఇన్వెస్టర్‌కు బయటపడే దారి చూపించాలి, లేకపోతే డ్రాగ్-అలాంగ్ హక్కుతో కంపెనీ మొత్తాన్ని అమ్మించే వీలు వాళ్లకు ఉంటుంది. ఆ హక్కు ఏ తేదీ తర్వాత, కనీసం ఏ ధరకు, ఎంతమంది ఒప్పుకుంటే అమల్లోకి వస్తుందో అంకెల్లో ఉండాలి. విదేశీ ఇన్వెస్టర్‌కు ఇంత లాభం ఖాయమని హామీ ఇవ్వడానికి ఫెమా (విదేశీ మారక నిర్వహణ చట్టం) నిబంధనలు ఒప్పుకోవు.

వాల్యుయేషన్ తేలని తొలి దశలో కన్వర్టిబుల్ నోట్ ఒక దారి. డీపీఐఐటీ గుర్తింపు ఉన్న కంపెనీలే ఇవ్వగలవు, ఒక్కో ఇన్వెస్టర్ ఒకేసారి కనీసం 25 లక్షలు పెట్టాలి, పదేళ్లలోపు షేర్లుగా మారాలి లేదా తిరిగి చెల్లించాలి. చిన్న మొత్తాలకు, 2019లో 100ఎక్స్.వీసీ అనే ఫండ్ పరిచయం చేసిన, డబ్బు ముందు తీసుకుని షేర్లు తర్వాత ఇచ్చే ఐసేఫ్ పద్ధతిని వాడుతున్నారు. దేన్ని వాడినా, అవన్నీ షేర్లుగా మారిపోతే మీ వాటా ఎంత అన్న వరుస ఎక్సెల్‌లో ఎప్పుడూ ఉండాలి.

6. బేరం ఎలా ఆడాలి

అన్నిటికీ పోట్లాడకండి. మూడు ఎంచుకోండి. నా లెక్కలో అవి లిక్విడేషన్ ప్రిఫరెన్స్, బ్యాడ్ లీవర్ నిర్వచనం, వ్యక్తిగత పూచీ. సమాచార హక్కులు, ప్రో-రాటా (తర్వాతి రౌండులో డబ్బు పెట్టి వాటా నిలుపుకునే హక్కు), ట్యాగ్-అలాంగ్ (మీరు అమ్మితే వాళ్లూ అమ్మే హక్కు) వంటివి మామూలే, వదిలేయండి.

అడిగేటప్పుడు కారణంతో, అంకెతో అడగండి. ‘సార్, పార్టిసిపేటింగ్ ఉంటే 15 కోట్ల అమ్మకంలో మా టీమ్‌కి వచ్చేది ఇంత తగ్గుతోంది. మీ 5 కోట్లకు రక్షణ నాన్-పార్టిసిపేటింగ్‌లోనూ ఉంది కదా. దాన్ని అలా మారిస్తే ఈ వారమే సంతకం చేస్తాం.’ ఇలా చెప్తే ఎవరికీ చిన్నతనం ఉండదు. పెద్దవాళ్లు, పెద్ద ఫండ్, ఎలా అడుగుతాం అన్న మొహమాటం మనవాళ్లలో ఎక్కువ. వాళ్లకిది రోజువారీ పని, అడిగితే చెడ్డగా అనుకోరు. కంపెనీ ఏళ్ల తరబడి నడిపేది మీరు కాబట్టి అడిగే హక్కు పూర్తిగా మీకుంది.

టర్మ్ షీట్‌లో చాలా షరతులు చట్టపరంగా కట్టుబడేవి కావు. గోప్యత, ఎక్స్‌క్లూజివిటీ మాత్రం కట్టుబడేవి. సంతకం చేశాక ఆ గడువు అయిపోయేదాకా ఇంకొకరితో మాట్లాడకూడదు. కాబట్టి బేరమంతా సంతకానికి ముందే. గడువు 30 నుంచి 45 రోజులకు మించనివ్వకండి. ఇన్వెస్టర్ గురించి మీరు కూడా వాకబు చేయండి. వాళ్లు డబ్బు పెట్టి, బాగా నడవని ఇద్దరు ఫౌండర్లకు ఫోన్ చేయండి. కష్టకాలంలో ఎలా ప్రవర్తించారో వాళ్లే చెప్తారు.

7. సంతకం నుంచి డబ్బు వాడేదాకా

ఇల్లు అలకగానే పండగ కాదు. టర్మ్ షీట్ తర్వాత డ్యూ డిలిజెన్స్ (కాగితాలు, లెక్కల తనిఖీ), ఆ తర్వాత ఎస్ఎస్ఏ (షేర్ల కొనుగోలు ఒప్పందం), ఎస్‌హెచ్ఏ (షేర్‌హోల్డర్ల ఒప్పందం) అనే పెద్ద ఒప్పందాలు. టర్మ్ షీట్‌లో లేని షరతు వాటిలో కొత్తగా కనిపిస్తే వెంటనే అడగండి. స్టార్టప్ డీల్స్ చేసిన లాయర్‌నే పెట్టుకోండి, ఆస్తి కేసులు చూసే మేనమామ స్నేహితుడు ఇక్కడ సరిపోడు. వీటిలోని ముఖ్యమైన హక్కులు కంపెనీ నియమావళి అయిన ఆర్టికల్స్‌లోకి కూడా ఎక్కుతాయి కాబట్టి సవరించిన ఆర్టికల్స్‌ని కూడా చదవండి.

రిజిస్టర్డ్ వాల్యుయర్ నివేదిక కావాలి. విదేశీ డబ్బైతే ఫెమా ధర నిబంధనలకు తగ్గ నివేదిక కూడా కావాలి. ఏంజెల్ ట్యాక్స్ (షేర్లను విలువకు మించిన ధరకు ఇస్తే పడే పన్ను) భయం మాత్రం ఇక లేదు, 2024 జులై బడ్జెట్‌లో దాన్ని ఎత్తేశారు. మనతో భూ సరిహద్దు ఉన్న దేశాల ఇన్వెస్టర్ల విషయంలో 2020 నుంచి ప్రభుత్వ అనుమతి నిబంధన ఉంది. ఫండ్ వెనకున్న అసలు యజమానులు ఎవరో ముందే కనుక్కోండి.

డబ్బు విడిగా తెరిచిన బ్యాంకు ఖాతాలోనే పడాలి. 60 రోజుల్లో షేర్లు కేటాయించాలి. కేటాయించిన 15 రోజుల్లో ఆ కేటాయింపు వివరాలిచ్చే పీఏఎస్-3 ఫారం దాఖలు చేయాలి. ఇది పూర్తయ్యేదాకా ఆ డబ్బులోంచి రూపాయి కూడా వాడకూడదని చట్టం చెప్తోంది. డబ్బు వచ్చిన వారంలోనే జీతాలు, అద్దె అడ్వాన్సులు ఆ ఖాతాలోంచి కట్టేసే ఫౌండర్లు ఉన్నారు. తర్వాతి రౌండు డ్యూ డిలిజెన్స్‌లో అదే మొదటి తప్పుగా బయటపడుతుంది. కాబట్టి రౌండు మొదలుపెట్టే రోజే, కేటాయింపు ఆలస్యమైనా రెండు నెలల ఖర్చు పాత ఖాతాలోనే మిగిలేలా చూసుకోండి. పీఏఎస్-3 రసీదు చేతికి వచ్చాకే కొత్త డబ్బు ముట్టుకోండి.